బదనిక పూవు – దాని సంకరసంతతి

“మామిడిచెట్టునకు బదనిక పట్టినది. కోయించివేయవలెనా, ఉండనీయవలెనా?” అని ఈ వేసవిలో మా కంఠేశ్వరమునందలి సోదరీమణులు నలుగురైదుగురు మమ్మడిగిరి. దీనికి ఒక్కమాటలో సమాధానము చెప్పుటకు వీలులేదు. ఏలయన, మనవారు బదనిక యను నొక్క పేరుతో రెండు వేఱువేఱు మొక్కలను పిలుచుచున్నారు. అందొకటి దొంగ, రెండవది అతిథి.

దొంగను పోల్చుకొనుట కష్టము కాదు. దాని యాకులు దళసరిగా నుండి, కొమ్మమీద వేఱొక చెట్టు మొలచినట్లు గుబురుగా పెరుగును. పూవులు సన్నని గొట్టములవలె నారింజవన్నెతో నుండును. పిట్టలు దాని పండ్లను తిని, జిగురుతో నున్న గింజలను కొమ్మలకు రాచిపోవును. ఆ గింజ మొలచి, తన వేరును కొమ్మలోనికి దించి, చెట్టు తనకై తెచ్చుకొన్న నీటిని, లవణములను దోచుకొనును. అతికినచోట కొమ్మ గడ్డకట్టినట్లు ఉబ్బియుండుటయే గుర్తు. దానిని ఆ గడ్డతో గూడ, క్రిందికి జానెడు కొమ్మ చేర్చి కోయింపవలసినదే. ఇందు జాలి పనికిరాదు.

అతిథి తీరు వేఱు. ఆకులు పొడవై, నడుమ మడతబడి, ఇరుప్రక్కల రెండు వరుసలుగా అమర్చిన కత్తులవలె నుండును. వేళ్లు తెల్లగా, బలిసి, కొన్ని బెరడును కఱచుకొని, కొన్ని గాలిలో వ్రేలాడుచుండును. ఆ వేళ్లమీద దూదివంటి పొర యొకటి కలదు. వాన పడినపుడును, మంచు కురిసినపుడును ఆ పొర తడిని పీల్చుకొనును. కొమ్మలోనికి మాత్రము ఆ వేళ్లు చొరవు. చెట్టు దానికి పీట మాత్రమే గాని కంచము కాదు. వేసవినుండి తొలకరి వఱకు ఇది పూయును. పూఱేకులు పసుపు, ఆకుపచ్చ, గోధుమవన్నెలు కలిసి, గళ్లు గీసినట్లుండును, వెలుపలివైపు తెలుపు, క్రింది పెదవి నీలము, వాసన కమ్మన. మా యూరి దేవుడు నీలకంఠేశ్వరుడు గనుక ఈ నీలపుఛాయయందు మాకు పక్షపాతము కలదేమో! దీనిని కోయింపకుడు. దీని వేళ్లను కొన్ని ప్రాంతములవారు రాస్న యను పేర మందులలో వాడుదురు; అందుకై అడవులలో పెఱికివేయుచున్నారు. మన దక్షిణదేశపు వైద్యులు రాస్న యనగా దుంపరాష్ట్రమును గ్రహించుటచే మన పెరటి మొక్క కొంత బ్రతికిపోయినది.

ఈ యతిథి బదనికను గూర్చియే నేటి ముచ్చట. ఇంగ్లీషువారు ఆర్కిడ్ అనెడి పెద్ద కుటుంబములోనిది ఇది. దీని జ్ఞాతులలో పుట్టిన ఒక పూవు విషయమై, అది తుమ్మెద చేసినదా, ఒక స్త్రీ చేసినదా యను తగవు చాలకాలము నడచినది. ఆ తగవు మన యిండ్లలోని వారికి తెలియదగినదని మా యభిప్రాయము. దానికి ముందు కొంత పూర్వరంగము కావలెను.

అమరకోశము చదివిన సోదరీమణులకు వనౌషధివర్గమునందలి ‘వందా’ యను మాట జ్ఞప్తికి వచ్చును. చెట్టును తినునది యను నర్థమున వృక్షాదని యనియు, చెట్టుపై మొలచునది యను నర్థమున వృక్షరుహ యనియు దానికే పర్యాయపదములు. మొదటి పేరు దొంగకే సరిపోవును. రెండవది ఇరువురకును సరిపోవును. కాబట్టి ఈ కలగాపులగము మన పెరటిలో పుట్టినది కాదు, నిఘంటువులోనే యున్నది. కలకత్తాలో న్యాయాధిపతిగా నుండి సంస్కృతము నేర్చిన సర్ విలియం జోన్సు ఈ శబ్దమునే తీసికొని మన యతిథి బదనికజాతికి పేరు పెట్టెను. ఆయన 1794 లో గతించెను. ఆ వ్రాత 1795 లో వెలువడెను. నాటినుండి లోకమందలి వృక్షశాస్త్రజ్ఞులకెల్ల ఇది ‘వాండా’. మన మాటయే దొరటోపీ పెట్టుకొని మన యింటికి తిరిగి వచ్చినది.

ఆ 1795 లోనే విలియం రాక్సుబరో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథము మొదటి సంపుటమున దీని బొమ్మను ప్రకటించెను. ఆయన గోదావరి మండలమున సామర్లకోటలో తోట వేసి మన తెలుగుదేశపు మొక్కలను ఏండ్లతరబడి పరిశీలించినవాడు. పూఱేకులమీది గళ్లను బట్టి ‘టెస్సెలేటా’ యను పేరు వచ్చినది ఆయనవలననే. ఆ గ్రంథపు బొమ్మలు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. దొర పేరు నిలిచినది. వారి పేరులు మరుగుపడినవి. ఈ సంగతి ముందు చెప్పబోవు కథలో మఱల పనికివచ్చును.

ఇక సంకరము. ఈ మాట వినగానే గీత మొదటి యధ్యాయము తలంపునకు వచ్చి కొందఱు పెద్దలు ముఖము ముడుచుకొందురు. పూవులకు ప్రవరలు లేవు గనుక వారు నిశ్చింతగా నుండవచ్చును. మేము ఈ మాటను అలంకారశాస్త్రమునుండి గ్రహింతుము. ఒక పద్యమునందు రెండలంకారములు నువ్వులు, బియ్యము కలిపినట్లు విడివిడిగా కానవచ్చినచో సంసృష్టి. పాలును నీళ్లును కలిసినట్లు విడదీయరాక యున్నచో సంకరము. రెండు జాతుల మొక్కలకు పుట్టిన బిడ్డయు నట్టిదే. ఈ భాగము తల్లిది, ఈ భాగము తండ్రిది యని గీత గీయుటకు వీలుపడదు. రంగు, పరిమాణము, ఆకు తీరు తఱచుగా నడిమి తరహాగా నుండును.

ఇందూరు, బోధను ప్రాంతములవారికి సంకరము కొత్త కాదు. 1937 లో బోధనున నెలకొని 2015 లో ఆడుట మానిన చక్కెర కర్మాగారమును ఎఱుగనివారు మనలో లేరు. మన పొలములలో పెరుగు చెఱకు రకములు సంకరములే. తీపి మిక్కిలి గల లావుపాటి చెఱకును, మంజీర గట్టున శరత్కాలమందు తెల్లగా పూయునట్టి రెల్లును కలిపి, 1912 లో స్థాపితమైన కోయంబత్తూరు చెఱకు పరిశోధనాలయమువారు ‘కో 205’ అను రకమును సాధించిరి. తీపి చెఱకునుండి వచ్చినది. ఎండకు వానకు ఓర్చు మొండితనము రెల్లునుండి వచ్చినది. 1934 నుండి ఆ పరిశోధనాలయమునందే జానకీ అమ్మాళ్ అను విదుషీమణి ఇట్టి సంకరములమీద పనిచేసిరి. వారి పేరు మన బాలికల పాఠ్యపుస్తకములలో నుండదగినది.

చెఱకును కలిపినవారు మనుష్యులు. అడవిలో ఎవరు కలుపుదురు? పురుగులు. ఆర్కిడ్ పూవున పుప్పొడి పిండివలె రాలదు, మైనపుముద్దలుగా నుండును. తేనెకై తల దూర్చిన తుమ్మెదకు ఆ ముద్ద జిగురుతో అంటుకొనును. అది మఱియొక పూవులో దూరినపుడు అచట అతుకును. సాధారణముగా ఒక్కొక జాతికి నచ్చిన పురుగు వేఱు, పూయు కాలము వేఱు, పెరుగు చోటు వేఱు. కావున జాతులు కలియవు. ఎన్నడో రెండు జాతులు దగ్గఱ దగ్గఱగా ఒకేకాలమున పూచి, ఒకే తుమ్మెద రెంటిని చూచిపోయినచో సంకరపు కాయ కాయును. అంతటితో పని తీరదు. ఒక్క కాయలో లక్షలకొలది గింజలుండును. నస్యపు పొడికన్న సన్నము. వడ్లగింజ తన మొలకకు అన్నము మూటగట్టి పంపును. ఈ గింజకు ఆ మూట లేదు. పడినచోట తగిన శిలీంధ్రము దొరికి, అది తిండి పెట్టిననే మొలక. ఈ రహస్యమును 1899 లో నోయెల్ బెర్నార్డు అను ఫ్రెంచివాడు కనుగొనెను. 1922 లో అమెరికావాడగు లూయిస్ నడ్సన్, శిలీంధ్రము లేకయే చక్కెర కలిపిన పాకముమీద సీసాలలో వీనిని మొలిపించెను. చక్కెరకు ఈ పుణ్యము కూడ కలదని బోధనువారు సంతసింతురు గాక.

అడవినుండి వచ్చిన ఆర్కిడ్ పూవును చూచి ఇది సంకరమని మొట్టమొదట ఊహించినవాడు జాన్ లిండ్లే. అది 1853 వ సంవత్సరము. ఫిలిప్పీను ద్వీపములనుండి వచ్చిన యొక పూవు, పెద్ద తెల్లపూవు పూయు జాతికిని చిన్న గులాబివన్నె పూవు పూయు జాతికిని నడుమగా నుండుట చూచి, ఆ రెంటి సంతానమై యుండవలెనని ఆయన వ్రాసెను. ఊహ ఎంత చక్కనిదైనను ఋజువు కావలెను గదా! ఇంగ్లండులో వీచ్ వారి తోటయందు పనిచేయు జాన్ సీడెన్, ఆ రెండు జాతులను తన చేతితో కలిపి పెంచగా, 1886 లో పూచినది ఆ యడవిపూవువంటిదే. ముప్పదిమూడేండ్లకు లిండ్లే మాట నిలిచినది. అప్పటికాయన జీవించి లేడు.

కంచరగాడిదకు సంతానము లేనట్లు సంకరములకెల్ల సంతానము లేదని తలంచువారు కలరు. ఆర్కిడ్లయందు ఆ నియమము చెల్లదు; వీని సంకరములు తఱచుగా మఱల కాయలు కాయును. వీచ్ వారి తోటలోనే జాన్ డామినీ చేసిన మొదటి సంకరము 1856 లో పూచెను. నాటినుండి నేటికి మనుష్యుల చేతిమీదుగా పుట్టి పేరు నమోదైన ఆర్కిడ్ సంకరములు లక్షకు పైబడినవి.

మన బదనికకును అడవిసంతతి కలదు. ఖాసీకొండలు మొదలైనచోట్ల ఆకాశవర్ణమున పూయు నీలవందయు, గళ్లరేకుల మన బదనికయు కలియగా తనంతట పుట్టిన సంకరమునకు 1897 లో ‘వాండా అమీనా’ యని పేరు పెట్టిరి. మనోహరమైనది యని యర్థము. ఆ నీలవంద గతి వినుడు. జోసెఫ్ హుకరు 1850 లో ఖాసీకొండలయందు ఏడుగురు మోయునంత నీలవందను ప్రోగుచేయించి ఇంగ్లండునకు పంపగా, ప్రాణముతో చేరినవి బహుకొద్ది. తరువాతి వర్తకులు ఇంకను తెగించిరి. ఇరువురిలో నొకరిని మూటగట్టి ఓడ యెక్కించినచో కొండమీద పెండ్లి యెట్లు జరుగును? అడవి సంకరము దొరకుట యనగా, తల్లియు తండ్రియు తుమ్మెదయు చెట్టును శిలీంధ్రమును అన్నియు నొక్కచోట ఇంకను మిగిలియున్నవని యర్థము.

ఇక తగవు. దీనికై మన తెలుగువారు పెక్కుమంది కాపురముండు సింగపూరునకు పోవలెను. అచట ఆర్మీనియా దేశపు వర్తకుని యింట 1854 లో ఆగ్నెస్ జోవాకిం పుట్టినది. ఇంటికి పెద్దకూతురు. తండ్రి మరణించిన పిమ్మట తల్లికి తోడుగా నిలిచి తమ్ములను చెల్లెండ్రను సాకినది, వివాహము చేసికొనలేదు. తల్లియు కూతురును తోటపనియందు ప్రసిద్ధులు. 1893 లో ఆమె తోటలో అంతవఱకెవ్వరును చూడని గులాబి, ఊదావన్నెల పూవొకటి పూచినది. ఆమె దానిని సింగపూరు ఉద్యానవనాధికారియగు హెన్రీ రిడ్లే యొద్దకు కొనిపోయినది. ఆయన పరీక్షించి, ఆ యేడే లండనునందలి తోటమాలుల పత్రికకు వ్రాసెను. ఈమె ‘వాండా టెరిస్’ ‘వాండా హుకరియానా’ యను రెండు జాతులను కలుపుటలో కృతార్థురాలైనదని అందు స్పష్టముగా తెలిపి, పూవునకు ‘వాండా మిస్ జోవాకిం’ అని ఆమె పేరే యుంచెను. 1899 నాటి పుష్పప్రదర్శనమున దానికి మొదటి బహుమతి వచ్చినది. అప్పటికే ఆమె పుట్టకురుపు వ్యాధితో నుండెను. ఆ సంవత్సరము జూలై 2 వ తేదీన మరణించినది.

ఆమె పోయిన చాలకాలమునకు మఱియొక కథ బయలుదేఱినది. ఆమె కలుపలేదట, ఒక ఉదయమున తోటలో తిరుగుచుండగా వెదురుగుబురులో ఈ పూవు కనబడినదట, కఱ్ఱను తొలుచు నల్లని గండుతుమ్మెద యేదో ఈ పెండ్లి చేసియుండునట. అనగా ఇది సహజముగా పుట్టిన సంకరమే గాని స్త్రీ చేతిపని కాదు! ఈ కథ ఆమె బంధువుల నోటను వినవచ్చినది, పుస్తకములకును ఎక్కినది. పండితులు కొందఱు దీనినే సమర్థించిరి.

తుమ్మెద పక్షమువారి వాదమును మేము తేలికగా త్రోసివేయము. తుమ్మెద చేయగల పనియే యది. ఫిలిప్పీను ద్వీపములలోను అదియే చేసినది. కాని యొక సంగతి చూడుడు. టెరిస్ పుట్టినది అస్సాము, బర్మా మొదలగు ఉత్తరదేశములందు. హుకరియానా పుట్టినది మలయా బురదనేలలందు. ఆ రెంటిని ఒక్క తోటలో చేర్చినది తుమ్మెద కాదు గదా! పెండ్లికొడుకును పెండ్లికూతురును రెండు దేశములనుండి రప్పించి ఒక్క పందిరిక్రింద నిలిపినవారిని విడిచి, అక్షింతలు చల్లినదని తుమ్మెదకు పేరిచ్చుట ఏమి న్యాయము? ఆ కాలమున ఒక గృహస్థురాలికి పూవులను కలుపు విద్య తెలియునా యని కొందఱి సందేహము. డామినీ పూవు పూచి అప్పటికి ముప్పదియేడేండ్లు గడచినవి. ఆ విద్య పుల్లతో పుప్పొడిముద్దను తీసి మఱియొక పూవున ఉంచుటయే. ముగ్గు పెట్టగల చేతికి అది కష్టమా? అన్నిటికన్న ముఖ్యము రిడ్లే సాక్ష్యము. ఆయన ఆమెను ఎఱిగినవాడు, పూవును చేతబట్టి చూచినవాడు, మొక్కల విషయమై మాట తూచి వ్రాయు శాస్త్రజ్ఞుడు. కనులార చూచిన సమకాలికుని వ్రాతను ప్రక్కనబెట్టి, తరువాతి వారు చెప్పుకొన్న ముచ్చటను పట్టుకొనుట మాకు సరిగా తోచదు.

2011 లో ఆ మొక్క జన్యువులను పరీక్షించి, తల్లి టెరిస్ అనియు, కాబట్టి పుప్పొడి హుకరియానాదనియు తేల్చిరి. మంచి పనియే. అయినను గింజలోని సాక్ష్యము తల్లి యెవరో చెప్పును గాని పెండ్లిండ్ల పేరయ్య యెవరో చెప్పదు. అది పాత కాగితములను వెదకి తేల్చవలసిన విషయము. నేడియా రైట్ అను చరిత్రకారిణి మొదలగువారు ఏండ్లతరబడి ఆ కాగితములను వెదకి ఆమె పక్షమున వాదించిరి. సింగపూరు ప్రభుత్వము 1981 లో ఈ పూవును జాతీయపుష్పముగా ప్రకటించియుండెను. 2016 లో అచటి అధికారసంస్థలు, దీనిని కలిపి పెంచినది ఆగ్నెస్ జోవాకిమే యని అంగీకరించినవి. పూవు పూచిన నూటయిరువదిమూడేండ్లకు! వంట కుదిరినపుడు బియ్యము మంచివనియు, కుదరనపుడు చేయి మంచిది కాదనియు అనుట మన యిండ్లలోను ఉన్నదే గనుక, ఈ యాలస్యము మన సోదరీమణులకు వింతగా తోచకపోవచ్చును.

శాస్త్రజ్ఞులు తరువాత ఆ రెండు జాతులను వాండా వర్గమునుండి విడదీసి ‘పాపిలియోనాంథి’ యను వేఱు వర్గమున చేర్చిరి. కావున ఆ పూవు శాస్త్రనామమున నేడు వందాశబ్దము లేదు. జోవాకిం శబ్దము మాత్రమున్నది. ఈ మొక్క మన బదనికవలె చెట్టెక్కి కూర్చుండదు. నేలమీద కఱ్ఱ ఊతగా, కణుపు కణుపునకు వేరు దించుచు, ఎండలో నిలువునా పెరుగును. దానిని గింజ వేసి పెంపలేదు. కాడను ముక్కలుగా కోసి నాటిరి. ఇంగ్లండునకు పోయిన ముక్క సర్ ట్రెవర్ లారెన్సు తోటలో 1897 లో పూచినది. సింగపూరున ఇంటినుండి ఇంటికి ముక్కలు చేతులు మారినవి; తోటలకు కంచెలుగా నాటినవారును, కోసి అమ్మినవారును కలరు. అవి యన్నియు ఆమె తోటలో మొదట పూచిన ఆ యొక్క మొక్కయొక్క కణుపులే.